శివరాత్రి ముందు రాత్రి

సోండర్‌బోర్గ్, డెన్మార్క్,
2014 మార్చి 2, ఆదివారం.

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. మీరు, అమ్మ, అన్నయ్య వాళ్ళు క్షేమమని తలుస్తాను. మీరు హార్మోనియం వాయించిన చివరి నాటకం ఏదని శివరాత్రి నాడు ఫోనులో నేను అడిగిన దానికి మీరు జవాబు చెప్పకుండా అమ్మకు ఫోను ఇచ్చేశారు. "మీ నాన్న ఈ పూట ఉపవాసంతో పాటు మౌనం కూడా పట్టారే" అంది అమ్మ. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మళ్ళీ ఫోను చేస్తే మళ్ళీ ఏదో ఒకటి తప్పుగా అంటానని ఉత్తరం రాస్తున్నాను. కోపం ఉన్నా చివరిదాకా చదవండి.

ముందు అమ్మ అడిగినవి. చలి అమ్మ భయపడినంత లేదు. చదువు సాగుతోంది. శని, ఆదివారాలు బేకరీలో పని, తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళాలి, అంతకు మించి చెప్పడానికి అందులో ఏమీ లేదు. గోంగూర సీసా అడుగుకు వచ్చింది. ఇక్కడి నల్ల రై రొట్టె పుల్లగా, బరువుగా ఉంటుంది. దాని మీద గోంగూర పలచగా రాసుకుని తింటే ఎంత బాగుంటుందో అమ్మ నమ్మదు. ఒంటరిగా తినే పూట అదే నాకు పండుగ.

బుధవారం రాత్రి కచేరీకి ఒక్కదాన్నే వెళ్ళానని అమ్మకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, కంగారు పడవద్దని చెప్పండి. కచేరీ జరిగింది మా కాలేజీ ఉన్న కట్టడంలోనే. దాని పేరు అల్సియోన్. ఒక పక్క మా తరగతులు, మరో పక్క సంగీత మందిరం, వెనకే రైల్వే స్టేషను, ముందు సముద్రపు పాయ. పాయ మీద వంతెన దాటితే ఆల్స్ దీవి. నా గది అటువైపే. పడవలు వచ్చినప్పుడు వంతెన మధ్యలో పైకి లేస్తుంది, అప్పుడు అందరం ఓపికగా నిలబడతాం. రాత్రి పదిన్నరకు కూడా ఆడపిల్లలు ఒంటరిగా నడిచి వెళ్ళే ఊరు ఇది. నాకు ఏ భయమూ కలగలేదు. డబ్బు సంగతి మాత్రం అడగకండి. అది నా బేకరీ డబ్బు.

ఆ రాత్రి వాయించిన వాళ్ళ గురించి మీకు చెప్పాలి. మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పను?

వాళ్ళ బృందం పేరు ఎఫ్టర్‌క్లాంగ్. గుడిలో గంట కొట్టి చెయ్యి తీశాక గాలిలో కాసేపు నిలుస్తుందే, ఆ మోతకు డేనిష్‌లో ఆ పేరు. కాళ్ళ హార్మోనియం వాయించి మీరు మెట్ల మీద నుంచి వేళ్ళు తీసేస్తే, తిత్తిలో మిగిలిన గాలి సన్నగా నిట్టూర్చేది. నాకు మొదట అదే గుర్తుకు వచ్చింది.

కాస్పర్ క్లౌసెన్, మాడ్స్ బ్రౌవర్, రాస్మస్ స్టోల్‌బెర్గ్. ముగ్గురూ ఈ దీవి పిల్లలే, చిన్ననాటి స్నేహితులు. పెద్దయ్యాక కోపెన్‌హాగన్ వెళ్ళి 2000 చివర్లో బృందం కట్టారు. మొదటి ఆల్బమ్ 2004లో వచ్చింది, వేసింది ఇంగ్లండులోని ఒక చిన్న సంస్థ. వాళ్ళ సంగీతాన్ని పత్రికలవాళ్ళు పోస్ట్-రాక్ అంటారు. ఆ పేరు వింటే మీరు మొహం చిట్లిస్తారని తెలుసు, కానీ డప్పుల హోరు కాదు నాన్నగారూ. పల్లవి, చరణం అనే లెక్క దాదాపు ఉండదు. ఒక చిన్న చప్పుడు మొదలవుతుంది. అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. వయొలిన్లు వచ్చి దాని పక్కన కూర్చుంటాయి, బాకాలు లేస్తాయి, గొంతు కూడా ఒక వాయిద్యంలా వాటిలో కలుస్తుంది. పద్యం చివర రాగం తీసేటప్పుడు మీరు నటుడి కంటే ఒక అడుగు వెనకగా నడిచి, అతని ఊపిరి అయిపోయే చోట అందుకునేవారు చూడండి, అలాంటి ఓర్పు అది.

మొదటి ఏళ్ళలో వాళ్ళను ఎరిగిన వాళ్ళు కొద్దిమందే. 2008లో డెన్మార్క్ జాతీయ ఛాంబర్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించాక ఊపు వచ్చింది. 2010 ఆల్బమ్‌ను పెద్ద పేరున్న 4ఏడీ అనే సంగీత సంస్థ వాళ్ళు వేశారు. ఆ పైన దేశాలు తిరగడమే. 2011లో స్వాల్‌బార్డ్ వెళ్ళారు. ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న దీవులవి. అక్కడ రష్యన్లు బొగ్గు గని నడుపుకుని, 1998లో వదిలి వెళ్ళిపోయిన పిరమిడెన్ అనే ఊరు ఉంది. తొమ్మిది రోజులు అక్కడ ఉండి, ఖాళీ చమురు ట్యాంకులను కొట్టి, చెక్క బాటల మీద పరుగెత్తి, పాడుబడిన పియానో మెట్లు నొక్కి, వెయ్యికి పైగా చప్పుళ్ళను పట్టుకుని వచ్చారు. వాటితో ఒక ఆల్బమ్ అల్లారు. దాన్ని మొట్టమొదట 2012 మేలో సిడ్నీ ఒపెరా హౌస్‌లో, అక్కడి సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించారు. ఈ దీవి ఎక్కడ, సిడ్నీ ఎక్కడ!

నాకు వీళ్ళ గురించి చెప్పింది మా ఇంటి యజమానురాలు. డెబ్బై దాటిన మనిషి. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడి నేను గదిలోంచి బయటికి రాని రోజుల్లో తలుపు తట్టి, టీ ఇచ్చి, ఒక సినిమా చూపించింది. ఇది రాయకూడదని అనుకున్నాను, రాసేశాను. ఆ రోజులు గడిచిపోయాయి, అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ వాక్యం దాటేయండి.

విన్సెంట్ మూన్ అనే ఫ్రెంచి దర్శకుడు 2010లో ఈ దీవిలోనే ఆ సినిమా తీశాడు. ఊళ్ళోని పిల్లలు, స్థానిక వాద్యకారులు అందరూ అందులో వాయిస్తారు. బృందం వాళ్ళ అమ్మానాన్నలు కూడా పాడతారు. దాన్ని ఎవరైనా ఎక్కడైనా ప్రదర్శించుకోవచ్చన్నారు. ఐదుగురైనా కూర్చునే చోటు ఉండాలి, డబ్బు వసూలు చేయకూడదు, అంతే. అలా జనం తమ ఇళ్ళలో, వసారాల్లో దాన్ని ఆడించుకున్నారు. అమ్మానాన్నలు కొడుకుల పక్కన నిలబడి పాడుతుంటే నేను ఆపుకోలేకపోయాను. మీరు నాటకాలకు వెళ్ళిన రాత్రులు మన ఇంట్లో ఎలా ఉండేదో మీకు తెలియదు. అమ్మ గొళ్ళెం రెండుసార్లు చూసుకుని పడుకునేది. తెల్లవారుజామున మీ చెప్పుల చప్పుడు విన్నాకే నాకు అసలు నిద్ర పట్టేది. ఒక్కసారి కూడా మమ్మల్ని తీసుకువెళ్ళలేదు మీరు. తప్పు పట్టడం లేదు. ఆడపిల్లను రాత్రంతా ఆ జనంలో కూర్చోబెట్టలేక అని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక బుధవారం సంగతి. ఇప్పటిదాకా ఉన్న రూపంలో ఎఫ్టర్‌క్లాంగ్‌కు ఇదే చివరి కచేరీ అని ముందే ప్రకటించారు. కోపెన్‌హాగన్‌లో పెట్టుకోలేదు, ఏ పెద్ద దేశంలోనూ పెట్టుకోలేదు. ఫిబ్రవరి 26న సొంత ఊళ్ళో, ఇక్కడి ఆర్కెస్ట్రాను వెంట పెట్టుకుని వాయించారు. చుట్టూ కూర్చున్న పెద్దవాళ్ళు తమ ఇంటి పిల్లల పెళ్ళికి వచ్చినట్టు తయారై వచ్చారు. అయిపోయాక అందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు మొదట చెల్లాచెదురుగా ఉండి, కాసేపటికి ఒకే తాళంలో పడ్డాయి. మన దగ్గరైతే ఈపాటికి "వన్స్ మోర్" అని కేకలు లేచేవి కదా అనుకున్నాను. బయటికి వచ్చేసరికి మీకు తెల్లవారుజాము మూడు. శివరాత్రి వచ్చేసింది. వంతెన మీద నడుస్తుంటే లెక్క వేసుకున్నాను, అలాంటి వేళకే కదా మీరు రాయబారం సీనుకు వాయిస్తూ ఉండేవారు, మొదటి కృష్ణుడు దిగిపోయి రెండవ కృష్ణుడు ఎక్కే వేళకు.

అందుకే మర్నాడు అడిగాను, మీ చివరి నాటకం ఎప్పుడు, ఎక్కడ అని. మిమ్మల్ని నొప్పించాలని కాదు నాన్నగారూ. వీళ్ళకు చివరి రోజు ఏదో తెలుసు. కూడబలుక్కుని, మంచి బట్టలు కట్టుకుని, అమ్మానాన్నల ముందు వాయించి ఇంటికి వెళ్ళారు. మీ నాటక సమాజానికి అలాంటి రోజే లేదు. ఒక శివరాత్రికి కాంట్రాక్టరు కబురు చేయలేదు. మరుసటి ఏడాదీ చేయలేదు. మీరు ఇంట్లో కూర్చుని ఎదురు చూశారు, ఎదురు చూస్తున్నారని మాకు తెలియనివ్వలేదు. ఆ తరువాత హార్మోనియం మీద దుప్పటి కప్పారు, దాని మీద అమ్మ ఇస్త్రీ బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. ఫలానా రాత్రి ఇక ఇదే ఆఖరు అని ఎవరూ మీకు చెప్పలేదు, ఎవరూ లేచి నిలబడలేదు. మన ఇంట్లో మేమూ నిలబడలేదు. నాకు బాధ కలిగింది అక్కడ. అడగడం మాత్రం తొందరపాటుగా అడిగాను. క్షమించండి.

అన్నయ్య ఏమంటున్నాడు? రాష్ట్ర విభజన బిల్లు పార్లమెంటులో పాసయిన రోజున ఫోను చేస్తే హైదరాబాదు ఉద్యోగం గురించి ఏదో గొణిగాడు, సరిగ్గా వినిపించలేదు. ఈ ఊరు 1864 యుద్ధం తరువాత జర్మన్ల చేతిలోకి పోయి, ఓట్లు పెట్టాక 1920లో డెన్మార్క్‌కు తిరిగి వచ్చింది. మా యజమానురాలు ఆ కథ చెబుతూ, సరిహద్దు మారినా వంటలు మారలేదు అంది. వాడిని కంగారు పడవద్దనండి.

ఈ నెల నేను పంపిన దానిలో కొంత హార్మోనియం కోసం విడిగా తీయండి. తిత్తి చిరిగిందని, రెండు మెట్లు పలకడం లేదని అమ్మ చెప్పింది. మోకాళ్ళు నొప్పి అని తొక్కలేకపోతే తమలపాకుల కొట్టు బాబాయిని పిలవండి, ఆయన తొక్కుతాడు, మీరు వాయించండి. మీతో తిరిగిన వాళ్ళలో నడవగలిగిన వాళ్ళందరినీ ఒక సాయంత్రం మన వసారాలోకి పిలవండి. ఐదుగురు కూర్చునే చోటు ఉంది. అమ్మ టీ పెడుతుంది, గొణగదు, నేను అడిగాను. ఏ రోజో ముందుగా చెప్పండి, బేకరీలో సెలవు అడుగుతాను. ఫోను ఆ పెట్టె మీద పెట్టి వదిలేయండి, మీరు నాతో మాట్లాడనక్కరలేదు.

అమ్మకు: గోంగూర వచ్చే నెల పంపితే చాలు. సీసా మూత గట్టిగా బిగించి, పైన గుడ్డ కట్టు. కిందటిసారి నూనె నా స్వెటర్ల మీద ఒలికింది.

ఉంటాను.

మీ చిన్నమ్మాయి