ఆరో ఫిరంగి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఫ్రెండ్లీ ఫైర్, అంటే తమవాళ్ల మీద తామే పొరపాటున కాల్చుకోవడం గురించిన పాఠాన్ని మీ శిక్షణలో ఒక్క గంటలో ముగించారనీ, మనదేదో శత్రువుదేదో గుర్తుపట్టే యంత్రాలు వచ్చాక అది పాతకాలపు సమస్య అయిపోయిందనీ మొన్న ఫోన్‌లో అన్నావు. ఆ మాట నన్ను వదలలేదు. గగనతల రక్షణలో ఉద్యోగం చేయబోతున్న దానివి గనుక, రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 జూలై 11 రాత్రి, ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో ఏం జరిగిందో నీకు వివరంగా రాస్తున్నాను.

మిత్రరాజ్యాల సేనలు ఆ ద్వీపంలో దిగింది అంతకు ముందురోజే. జెలా దగ్గర పోరాడుతున్న అమెరికన్ దళాలకు బలం చేకూర్చడానికి, 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన దాదాపు రెండు వేల మంది పారాచూట్ సైనికులను 144 సీ-47 రవాణా విమానాల్లో ట్యునీసియా నుంచి పంపారు. సీ-47కు ఎదురు కాల్పులు జరిపే ఆయుధాలేవీ ఉండవు. సైనికులు దూకే వేళకు వేగం తగ్గించుకుని, తక్కువ ఎత్తులో, పక్కకు తప్పుకోకుండా సాగవలసిందే. కిందనున్న వాళ్ల సంగతి చూస్తే, పగలంతా శత్రువుల బాంబుల కింద గడిపారు, మందుగుండు నింపుకున్న రాబర్ట్ రోవన్ అనే ఓడ తీరానికి ఎదురుగా పేలిపోవడం కళ్లారా చూశారు. వాళ్లను నేను తప్పుపట్టలేను.

మొదట వచ్చిన విమానాలు క్షేమంగా సైనికులను దించాయి. ఆ తరువాత చీకట్లో ఎవరో ఒకరు కాల్చారు. ఒకటి పేలగానే ఒడ్డున ఉన్న ఫిరంగులూ, ఓడల మీది ఫిరంగులూ అన్నీ అందుకున్నాయి. 23 విమానాలు కూలిపోయాయి, 37 తీవ్రంగా దెబ్బతిన్నాయి. కూలినవాటిలో ఆరింటిలోని సైనికులకు తలుపులోంచి దూకే వ్యవధి కూడా దొరకలేదు.

తమవాళ్ల విమానాలు వస్తాయన్న హెచ్చరిక ముందుగా పంపకపోలేదు. డివిజన్ అధిపతి రిడ్జ్‌వేకు అప్పటికే మనసు కీడు శంకించింది కాబోలు, ఆ పగలు తానే స్వయంగా ఆరు ఫిరంగుల దగ్గరికి వెళ్లి సిబ్బందిని అడిగాడు. అయిదింటి దగ్గరివాళ్లు తమకు తెలుసన్నారు. ఆరో ఫిరంగి దగ్గరివాళ్లకు ఆ సంగతే తెలియదు. సాయంత్రానికి సైన్యాధిపతి పాటన్ కూడా కలవరపడి విమానాలను ఆపించాలని చూశాడు గాని, కబురు సమయానికి అందలేదు.

ఆ ఆరో ఫిరంగి దగ్గరే నా ఆలోచన ఆగిపోతుంది తల్లీ. నేను సందేశాలు అందించే సిగ్నల్స్ విభాగంలో పనిచేసిన రోజుల్లో ఒక రాత్రి, సందేశం అందరికీ చేరిందని రిజిస్టరులో సంతకాలన్నీ ఉన్నాయి, గేటు దగ్గర కాపలా ఉన్న మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అతను భోజనానికి వెళ్లినప్పుడు అతని బదులు మరొకరు సంతకం చేశారు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. అయినా ఆ రిజిస్టరు పేజీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

సిసిలీ జరిగిన మరుసటి ఏడాది, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి ముందు, మిత్రరాజ్యాలు తమ విమానాల రెక్కల మీదా ఒంటి మీదా నలుపు తెలుపు పట్టీలు వేయించాయి. వాటిని గుర్తించడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు.

యంత్రాల మాట అన్నావు కనుక ఇది కూడా రాస్తున్నాను. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాం దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది మన క్షిపణే. అందులోని ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేలమీద ఒక పౌరుడు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో అప్పటి వాయుసేనాధిపతి భదౌరియా తప్పు మనదేనని బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును నేను గౌరవిస్తాను. కాని ఎదుటిది మనదా కాదా అని తేల్చుకునే పరికరాలు ఆనాటికి ఉన్నాయి.

నీకు రాత్రి డ్యూటీ పడిన మొదటి రోజున, ఏ వేళకు ఏ దిక్కునుంచి మన విమానాలు వస్తాయో నీ దగ్గర ఉన్న ఆఖరి మనిషి దాకా నడిచి వెళ్లి చెప్పు. నువ్వు చెప్పినదాన్ని అతని నోట మళ్లీ చెప్పించుకుని గాని తిరిగి రాకు. ఎలా జరిగిందో నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
నాన్న