కడప బండ మీద కారణాంకాలు

కడప,
ఆదివారం రాత్రి

ప్రియమైన రమణకు,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందని చదివి మనసు కుదుటపడింది. ఇక్కడ అందరం క్షేమం. ఎండలు మాత్రం అయిదు దాటినా వదలడం లేదు.

అన్నయ్య కూతురు పదో తరగతికి వచ్చింది. లెక్కలు చెప్పించుకోవడానికి రోజూ సాయంత్రం వస్తోంది. వరండాలో పరచిన నల్ల కడప బండలే మాకు బోర్డు. సుద్దముక్కతో రాస్తాం, తడిగుడ్డతో తుడుస్తాం.

నిన్న ఒక భిన్నం ఇచ్చి సూక్ష్మీకరించమన్నాను. లవం ఎక్స్ వర్గం − 9, హారం ఎక్స్ వర్గం + 5ఎక్స్ + 6. చూసీ చూడగానే పైనా కిందా ఉన్న ఎక్స్ వర్గాలను కొట్టివేసింది. జవాబు −9/(5ఎక్స్ + 6) అట! కోప్పడలేదు. పక్క బండ మీద (2 + 6)/(2 + 10) అని రాశాను. రెండు 2లనూ కొట్టివేస్తే 6/10 వస్తుంది. కూడి చూస్తే 8/12, అంటే 2/3. పిల్ల సుద్దముక్క కింద పెట్టి చాలాసేపు ఆ అంకెలనే చూసింది. కూడికలో ఉన్న పదాన్ని కొట్టివేయకూడదు, మొత్తాన్ని గుణిస్తున్న కారణాంకాన్నే కొట్టివేయాలి. ఈ ఒక్క తేడా తెలియకుండా పిల్లలు పై తరగతులకు వెళ్లిపోతున్నారు రమణా, నాకు అదే బాధ.

తర్వాత లవాన్నీ హారాన్నీ కారణాంకాలుగా విడదీశాం. 9 అంటే 3 వర్గం కాబట్టి లవం (ఎక్స్ − 3)(ఎక్స్ + 3). హారానికి, గుణిస్తే 6, కూడితే 5 వచ్చే సంఖ్యలు వెతకమన్నాను. 2, 3 అని తనే చెప్పింది. హారం (ఎక్స్ + 2)(ఎక్స్ + 3) అయింది. ఇప్పుడు (ఎక్స్ + 3)ను కొట్టివేస్తే (ఎక్స్ − 3)/(ఎక్స్ + 2) మిగిలింది. ఎక్స్ బదులు 1 పెట్టి సరిచూడమన్నాను. మొదటి భిన్నం −8/12, చివరిది −2/3. రెండూ ఒకటే. తను మొదట రాసిన జవాబులో పెడితే −9/11.

అక్కడితో లేచిపోతుందనుకున్నాను. "బాబాయ్, ఎక్స్ బదులు −3 పెడితే?" అంది. ఎంత మంచి ప్రశ్న! చివరి రూపంలో 6 వస్తుంది. మొదటి భిన్నంలో మాత్రం హారం సున్నా, విలువే లేదు. అందుకే −2తో పాటు −3 కూడా పనికిరాదని జవాబు పక్కనే రాయాలి. కొట్టివేసినా ఆ షరతు పోదు.

ఆ బండను ఈ రోజు కడగవద్దని ఇంట్లో చెప్పాను. రేపు (3 − ఎక్స్)/(ఎక్స్ − 3) ఇస్తాను. −1 అని ఎంతసేపటికి పట్టుకుంటుందో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
సుబ్బయ్య