శాంతి కమిటీతో పాటు ఒక రాత్రి కథ కూడా

సంపాదకులు గారికి,

వినాయక నిమజ్జనమో పీర్ల పండుగో (మొహర్రం) దగ్గర పడిందంటే మా మండలంలో పోలీస్ స్టేషన్ నుంచి పిలుపు వస్తుంది. శాంతి కమిటీ మీటింగ్. ఎప్పుడూ వచ్చే పది మంది పెద్దమనుషులమే వస్తాం. డీజే ఎన్ని గంటలకు ఆపాలో వింటాం, చాయ్ తాగి సంతకం పెట్టి లేస్తాం. గొడవకు దిగే పిల్లలు ఒక్కరూ అక్కడ ఉండరు. మూడేళ్లుగా నేనూ సంతకం పెడుతున్నాను కాబట్టి ఇందులో నా తప్పూ ఉంది.

మీటింగులు మానేయమనను. పండుగకు ముందు ఊళ్లో ఒక రాత్రి కథ చెప్పించమంటున్నాను.

నా చిన్నప్పుడు మందెచ్చుల వాళ్లు బొమ్మలు పెట్టి కాటమరాజు కథ చెప్పేవాళ్లు. అది గొల్లల కథ, పిలిపించుకునేదీ వాళ్లే. వినడానికి మాత్రం ఊరంతా వచ్చేది. గట్టు తగాదాతో మా నాయన మాటలు మానేసిన మనిషి కూడా ఆ పక్కనే గొంగడి పరుచుకునేవాడు. ఒక రాత్రి మా నాయనకు నడుమ కునుకు పట్టింది. లేచి, "యుద్ధం దాకా వచ్చిందా?" అని ఆయన్నే అడగాల్సి వచ్చింది. కాటమరాజుకూ నెల్లూరు రాజు నల్లసిద్ధికీ పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర మొదలైన పేచీ ఎంతమందిని మింగిందో ఇద్దరూ కలిసే విన్నారు. (గట్టు తగాదా ఆ తర్వాత కూడా కొన్నేళ్లు నడిచింది, అది వేరే సంగతి. కానీ మాటలు కలిశాయి.)

పాలమూరు వైపు కిన్నెర అనే తీగల వాద్యం మీద పండుగ సాయన్న అనే వీరుడి కథతో పాటు పానుగల్ మియాసాబ్ కథ కూడా పాడతారు. ఆ మియాసాబ్ ముస్లిం, పాడేది డక్కలి కులం కళాకారులు. ఆ పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇక పీర్ల పండుగ సంగతి మీకు తెలిసిందే. ముస్లింల ఇళ్లు నాలుగైదు కూడా లేని ఊళ్లలో హిందువులే పీర్లను ఎత్తుతారు, నిప్పుల గుండం చుట్టూ ఆడుతూ హసన్ హుస్సేన్ల కథను తెలుగులో పాడతారు.

అలాగని జానపద కథలన్నీ తీపి మాటలే చెప్పవు. ఆడవాళ్లను చిన్నబుచ్చేవీ ఉన్నాయి, కులాన్ని ఎగతాళి చేసేవీ ఉన్నాయి. అయితే జాంబ పురాణం చూడండి. భూమి కన్నా ఆరు నెలల ముందే మాదిగల మూలపురుషుడు జాంబవంతుడు పుట్టాడని అది మొదలవుతుంది. తక్కువ కులమన్నవాళ్లకు మాదిగల జవాబది. ఇలాంటి కథను పక్కనపెట్టి అందరూ కలిసి ఉండాలని పాట పాడిస్తే వాడవాళ్లు నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు.

ఇదంతా ముసలాయన ముచ్చట అనుకుంటారేమో. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చాయి. దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు, డప్పుతో, జానపద పాటలతో అది అబద్ధమని చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన టెన్షన్‌ను పాటతో దించారు.

ప్రభుత్వ సంస్థ తెలంగాణ సాంస్కృతిక సారథి కళాకారులు ఉన్నారు, జిల్లాల్లో పోలీసు కళాబృందాలూ ఉన్నాయి. వాళ్ల చేత పథకాల గురించి, హెల్మెట్ గురించి పాడిస్తున్నారు. పాడించండి. కానీ పండుగకు వారం ముందు, రెండు బజార్లు కలిసే చోట, ఊరి కథకులకు కూడా కూలి కట్టి ఒక రాత్రి ఇవ్వండి. ఏం చెప్పాలో కాగితం మీద రాసి చేతికివ్వొద్దు, ఏ ఊళ్లో ఏ కథ చెప్పాలో వాళ్లకే బాగా తెలుసు.

మా మండలంలో కథ చెప్పే కుటుంబాలు రెండు మిగిలాయి. ఒక ఇంట్లో కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. ఈసారి మీటింగుకు వాళ్లను కూడా పిలవమని స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చి వచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్గొండ జిల్లా