పన్నెండో వారం స్కాన్‌కు ముందు

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో "ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఎలాగూ చేస్తారు కదమ్మా, ఇప్పుడీ స్కాన్ ఎందుకు" అన్నావు. జవాబు చెప్పబోతే గొంతు పట్టేసింది. అందుకే రాస్తున్నాను.

నీకు ముందు నాకొక బాబు పుట్టాడు. 1992లో. ఏడో నెల దాకా నాకు ఒక్క స్కాన్ కూడా తీయలేదు. పొట్ట మరీ పెద్దగా ఉందని అప్పుడు పంపితే, బిడ్డకు నడుము దగ్గర వెన్నెముక మూసుకోలేదని, తలలో నీరు చేరిందని తేలింది. పుట్టిన రెండో రోజే పోయాడు. వాడి వీపు మీద ఉసిరికాయంత నీటి బుడగ, పైన పల్చటి పొర. అది చితికిపోతుందేమోనని నర్సమ్మ వాణ్ణి ఒత్తిగిలి పడుకోబెట్టింది. నేను అల్లిన తెల్ల ఊలు టోపీ వాడి తలకు పట్టలేదు. ఆ టోపీ ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల అడుగున ఉంది. మీ నాన్నా నేనూ వాడి మాట ఎత్తుకోం. నీకూ చెప్పలేదు. తప్పే.

తర్వాత ఒక డాక్టరమ్మ నాతో చెప్పారు: ఇలాంటి బిడ్డను కన్న తల్లులకు మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే, ఆ ముప్పు నూటికి 72 వంతులు తగ్గిందని 1991లో తేలిందట. మూడు నెలలు ముందే మొదలుపెట్టి వేసుకున్నాను. 1995లో నువ్వు పుట్టావు. పెళ్ళయిన రెండో నెలలోనే నీ పెట్టెలో ఆ మాత్రలు పెడితే నవ్వావు కదా, అందుకు పెట్టాను. నెల తప్పి రెండు వారాలయ్యేసరికే బిడ్డ వెన్ను మూసుకోవడం పూర్తవుతుంది. ఆ తర్వాత మొదలుపెడితే దానికి పనికిరాదు. ఆ మందును 1945లో అమెరికాలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆయనకు దండం పెట్టుకునేదాన్ని.

మాత్ర వేసుకున్నా ముప్పు పూర్తిగా పోదు, అందుకే స్కాన్. మన వీధి చివర స్కానింగ్ డాక్టరమ్మను అడిగాను. చీటీ వెనక గీసి చూపించారు. బిడ్డ ముఖాన్ని పక్కనుంచి చూస్తే, తల వెనక రెండు తెల్లగీతల మధ్య సన్నటి నల్లచార కనిపించాలట. వెన్ను తెరుచుకుని ఉంటే మెదడు చుట్టూ ఉండే నీరు కారిపోయి, మెదడు వెనక్కి జరిగి, ఆ చార మూసుకుపోవచ్చు. బిడ్డ మెడ వెనక నీరు కొలిచే ఈ పన్నెండో వారం స్కాన్‌లోనే ఇదీ చూస్తారు. అందులో అన్నీ తేలవు. అందుకని టిఫా కూడా మానకూడదు. అప్పటికి ఈ లోపం ఉన్న బిడ్డ తల ముందు భాగం నిమ్మకాయలా నొక్కుకుపోయి, చిన్నమెదడు అరటిపండులా వంగి కనిపిస్తుందట.

స్కాన్ వల్ల బిడ్డకు వేడి చేస్తుందని మీ అత్తయ్యగారు భయపడుతున్నారన్నావు. ఎక్స్‌రే కాదని, శబ్ద తరంగాలేనని నెమ్మదిగా చెప్పు. ఆవిడ మీద కోపం తెచ్చుకోకు, మా అత్తగారూ అలాగే అన్నారు.

ఏదైనా తేడా ఉంటే ముందే తెలియడం మేలు. ఇంకో డాక్టర్‌ని అడగడానికి, నువ్వూ అల్లుడుగారూ కూర్చుని ఆలోచించుకోవడానికి వారాలుంటాయి. నాకు ఆ వ్యవధి దొరకలేదు.

ఆ స్కాన్ 11 వారాలు నిండాక, 14 నిండకముందే తీయాలి. వచ్చే గురువారానికి నీకు 12 నిండుతాయి. బుధవారం రాత్రి రైలెక్కుతున్నాను. నీ సొంత అన్నకు ఇలా అయిందని డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను.

అమ్మ