నువాఖాయి రోజు ఆబ్సెంట్ వేశాను

సంపాదకులకు నమస్కారం.

పటాన్‌చెరు వైపు ఒక ప్యాకింగ్ యూనిట్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మా లైన్ మీద మూడోవంతు కుర్రాళ్లు ఒడిశాలోని బలంగీర్, కలహండి జిల్లాలవాళ్లు. కొన్నేళ్ల కిందట వినాయక చవితి మర్నాడు వాళ్లలో ఆరుగురు డ్యూటీకి రాలేదు. పండక్కి తాగి పడుకున్నారనుకుని ఆబ్సెంట్ వేశాను. సాయంత్రం కొత్త చొక్కాలు వేసుకుని గేటు దగ్గరికొచ్చి "జుహార్ సార్" అంటూ కాళ్లకు వంగారు. మన దగ్గర జోహార్లు పోయినవాళ్లకు చెబుతాం కదా, నాకు చిర్రెత్తింది. నాగా పెట్టి ఇప్పుడు కాళ్లు పట్టుకుంటారా అని అందరి ముందూ కసిరాను.

క్యాంటీన్‌లో పనిచేసే ఒడియా అతను చెప్పాక గానీ అర్థం కాలేదు. భాద్రపద శుద్ధ పంచమి పశ్చిమ ఒడిశావాళ్లకు నువాఖాయి. కొత్త ధాన్యం ముందు అమ్మవారికి పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదీ తిని, పెద్దల కాళ్లకు మొక్కి జుహార్ చెబుతారు. ఊళ్లో నాన్నకు మొక్కాల్సిన పిల్లలు ఇక్కడ నాకు మొక్కారన్నమాట. కోసిన జీతం తిరిగి వేయించాను గానీ, మరుసటి ఏడు ఒక్కడూ నా దగ్గరికి రాలేదు.

హైటెక్ సిటీ కంపెనీల్లో అమెరికా క్లయింట్‌తో ఎలా మాట్లాడాలో మేనేజర్లకు క్లాసులు పెడతారు. థాంక్స్‌గివింగ్ ఎప్పుడో వాళ్లకు కంఠతా వచ్చు. మాలాంటి సూపర్‌వైజర్లకు మాత్రం పక్క రాష్ట్రం పండగ గురించి చెప్పే దిక్కులేదు.

పండగతోనే పోదు. సీలింగ్ మెషీన్ దగ్గర ఒక కొత్త కుర్రాడికి మన హైదరాబాదీ హిందీలో అంతా చెప్పి, సమఝా అని అడిగాను. తలూపాడు. అర్ధగంటలో వేళ్లు కాల్చుకున్నాడు. వాడికి వచ్చింది పశ్చిమ ఒడిశాలో మాట్లాడే సంబల్‌పురి. తలూపింది నా గొంతుకు భయపడి. నెత్తిమీద ఉన్న హెచ్చరిక బోర్డేమో తెలుగు, ఇంగ్లిష్‌లలో ఉంది.

ఫ్యాక్టరీ నోటీసులు ఇంగ్లిష్‌తో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో పెట్టాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే ఉండేది. ఆ 'ఎక్కువమంది' దగ్గరే చిక్కు వచ్చేది. మూడోవంతు ఉన్నవాళ్లు లెక్కలోకి వచ్చేవాళ్లు కారు.

యాజమాన్యాలు సూపర్‌వైజర్లకు ఏడాదికి ఒక్కరోజైనా, ఆ కార్మికుల్లోనే సీనియర్ చేత, పని గంటల్లోనే శిక్షణ ఇప్పించాలి. కార్మిక శాఖవాళ్లు తనిఖీకి వస్తే బోర్డు ఉందో లేదో చూసి టిక్కు పెట్టి వెళ్లకుండా, లైన్‌లో కొత్తగా చేరినవాణ్ని పిలిచి దాన్ని చదవమనాలి.

– ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి, పటాన్‌చెరు, సంగారెడ్డి జిల్లా