ఫీడర్ కడగలేకపోతే కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఎన్నారై పేజీలో అమెరికా పెరటి తోటల ఫొటోలు చూస్తుంటాను. బీర పందిరి, గోంగూర మడి, ఓ పక్కన వేలాడుతూ ఎర్రటి హమ్మింగ్‌బర్డ్ ఫీడర్, అంటే పువ్వుల్లో తేనె తాగే ఆ బుల్లి పిట్ట కోసం పంచదార నీళ్లు పోసి కట్టే సీసా. బీరపాదు గురించి మనవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు గానీ ఆ ఫీడర్ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసిన ఇళ్లలో చాలామంది దాన్ని ముచ్చటపడి కడతారు, తర్వాత కడగరు. నీళ్లు తగ్గితే పైన ఇంకాస్త పోస్తారు. అంతే.

ఒకసారి కిందికి దించి చూడండి. ప్లాస్టిక్ పువ్వు మధ్యలో పిట్ట ముక్కు పెట్టే చిన్న కన్నం ఉంటుంది కదా, దాని లోపలి అంచున సన్నగా నల్లటి గీత కనబడుతుంది. అది బూజు. ఇయర్‌బడ్ పెట్టి తిప్పితే జిగటగా అంటుకొస్తుంది. టెక్సస్ ఎండకి పంచదార నీళ్లు రెండు రోజులకే పులిసి బియ్యం కడిగిన నీళ్లలా అవుతాయి, అవి తాగితే పిట్టకి జబ్బు చేస్తుంది. అసలు దాని బరువే 3 గ్రాములు, అంతకంటే ఓ పిసరు ఎక్కువ!

అందుకని ఎండాకాలం రెండు రోజులకోసారి, వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటితే రోజూ, మిగిలిన నీళ్లు పారబోసి, విడిభాగాలన్నీ ఊడదీసి, వేణ్ణీళ్లతో సీసా బ్రష్ పెట్టి రుద్దాలి. బూజు పట్టి ఉంటే వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టండి. కొందరు పలచటి బ్లీచ్ వాడతారు, అదీ ఫరవాలేదు, కానీ రెండూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఏది వాడినా వాసన పోయేదాకా కడగాలి.

నీళ్ల కొలత ఒక కప్పు తెల్ల పంచదారకి నాలుగు కప్పుల నీళ్లు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు "పంచదార ఎందుకే, బెల్లం వేస్తే బలం కదా" అంటారు. వద్దు. బెల్లంలో ఇనుము ఆ పిట్టకి పడదు. తేనె ఇంకా తొందరగా పులుస్తుంది, ఫంగస్ పడుతుంది. ఎర్ర రంగు కూడా కలపొద్దు, ఫీడర్ ఎర్రగా ఉంటే చాలు, అది వెతుక్కుని వస్తుంది. చీమలు ఎక్కుతున్నాయని తీగకి నూనె, వాజిలిన్ రాసేవాళ్లూ ఉన్నారు, అది ఈకలకి అంటుకుంటే పాపం వదిలించుకోలేదు. పైన తగిలించే చిన్న నీళ్ల గిన్నె దొరుకుతుంది, అది కొనండి.

ఇండియాలో ఉన్నవాళ్లు మాకూ ఒక ఫీడర్ పట్టుకురమ్మని అడుగుతుంటారు. హమ్మింగ్‌బర్డ్ ఈ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేదండీ. అక్కడ మీరు చూసేది తేనెపిట్ట, దానికి మందార చెట్టు చాలు.

ఫీడర్ ఉంచితే చలికాలం వలస పోకుండా ఆగిపోతాయని ఇంకో భయం. ఆగవు, పగలు పొట్టి అవుతుంటే వాటంతట అవే బయల్దేరతాయి. చివరి పిట్ట వెళ్లాక ఓ రెండు వారాలు ఉంచి, దారిలో వెనకబడ్డవి తాగి పోయాక, అప్పుడు దించండి. బాగా ఆరాకే గరాజ్‌లో పెట్టండి, తడి మీద మూత బిగిస్తే మార్చిలో తీసేసరికి మళ్లీ ఆ నల్లటి బూజే.

ఒక పాఠకురాలు,
డాలస్, టెక్సస్