కాళ్లు కత్తిరించిన ఫొటో

మెల్‌బోర్న్,
ఆదివారం రాత్రి

అమ్మా,

మొన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మా చిన్నమ్మాయి ఫొటో చూసి, "బంతి తన్నుతోందన్నావు, కాళ్లేవే?" అని అడిగావు. నాన్నగారు పక్కనే ఉన్నారని ఏదో చెప్పి దాటేశాను. అసలు సంగతేంటంటే, ఫొటోని నడుం దగ్గర నేనే కత్తిరించాను. మా చిన్నది నిక్కరు వేసుకుని ఉంది. బాబాయిలు, అత్తయ్యలు అందరూ ఉన్న గ్రూపు కదా, ఎవరేమంటారో అని టెన్షన్.

అది ఆడేది ఇక్కడి ఫుటీ, అంటే ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. ఆడవాళ్లకి జాతీయ లీగ్ 2017లో గానీ మొదలుకాలేదు. అందులో టేలా హారిస్ అని ఒకమ్మాయి ఉంది. 2019 మార్చిలో గోల్‌కి తన్నుతుంటే ఎవరో ఫొటో తీశారు. ఒళ్లంతా గాల్లో, కాలు నిట్టనిలువుగా పైకి. అబ్బ, ఏం ఫొటో అనుకున్నావు! ఒక టీవీ చానెల్ దాన్ని ఆన్‌లైన్లో పెడితే, కింద కొందరు రాసిన బూతులు నీకు చెప్పలేను. చానెల్ వాళ్లు ఆ బూతులు రాసినవాళ్ల జోలికి పోకుండా ఫొటోనే తీసేశారు. జనం తిట్టిపోస్తే మర్నాడు మళ్లీ పెట్టారు. ఆ సెప్టెంబరులో అదే భంగిమలో ఆమె కంచు విగ్రహాన్ని ఊరి మధ్య ఫెడరేషన్ స్క్వేర్‌లో నిలబెట్టారు. అప్పటికి మేం కొత్తగా వచ్చాం. చిన్నదాన్ని చంకనెత్తుకుని విగ్రహం ముందు దిగిన ఫొటో నీ దగ్గర ఉండే ఉంటుంది, వెతుకు. ఆ చానెల్ని నేనూ బాగానే తిట్టాను. మొన్న నా ఫోన్లో నేను చేసిందీ అదే పని.

మిషెల్ జెనెకే అని ఇంకో అమ్మాయి ఉంది, హర్డిల్స్ పరిగెత్తుతుంది, అదే, దారిలో పెట్టిన అడ్డాల మీంచి దూకుతూ పరిగెత్తే పందెం. మన వైజాగ్ జ్యోతి యర్రాజీది కూడా అదే 100 మీటర్ల పందెం. ఇద్దరూ పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. 2012లో బార్సిలోనాలో పందేనికి ముందు జెనెకే హుషారుగా నాలుగు స్టెప్పులేసింది. ఆ వీడియో లోకమంతా తిరిగింది, మరుసటి ఏడాదికే ఒక పెద్ద అమెరికా పత్రిక స్విమ్‌సూట్ సంచికలో మోడల్ అయింది. ఆ పిల్ల సిడ్నీ యూనివర్సిటీలో మెకట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివిందని, 2022లో అమెరికాలో ప్రపంచ పోటీల సెమీస్‌లో 12.66 సెకన్లలో పరిగెత్తిందని చెబితే ఇక్కడ మా ఆఫీసులోనే సగంమందికి కొత్త. స్టెప్పులు మాత్రం అందరికీ గుర్తే. మోడలింగ్ చెయ్యడం తప్పని నేననను. తనకి నచ్చి చేసింది, డబ్బూ వచ్చి ఉంటుంది.

నచ్చి చెయ్యడం వేరు, గతిలేక చెయ్యడం వేరు. ఇది నీతో ఎలా చెప్పాలో తెలియట్లేదు గానీ, 1999లో ఇక్కడి ఆడవాళ్ల మామూలు ఫుట్‌బాల్ జట్టు, అదే మటిల్డాస్, చేతిలో డబ్బుల్లేక, తమవంక చూసేవాళ్లు లేక, ఒంటిమీద బట్టల్లేకుండా క్యాలెండర్‌కి ఫొటోలు దిగింది. దేశం తరఫున ఆడే పిల్లలమ్మా! అదే జట్టు 2023 ప్రపంచకప్ సెమీఫైనల్ ఆడితే సిడ్నీ స్టేడియానికి 75,784 మంది వచ్చారు. ఇంగ్లండ్ చేతిలో 3-1తో ఓడిపోయారనుకో. మర్నాడు ఆఫీసులో ఎవరికీ పనిమీద మనసు లేదు.

నీకు గుర్తుందా, నేను తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీలకి ఎంపికయ్యాను. నిక్కరు వేసుకోవాలని పీఈటీ సార్ అనేసరికి నాన్నగారు వద్దన్నారు. నువ్వేమో ఆ రాత్రి నీలంరంగు పాత లంగా చింపి మోకాళ్ల కిందికి వచ్చేలా లాగు కుట్టావు. దాంతో ఒప్పుకుంటారనుకున్నావు. ఒప్పుకోలేదు. ఆ లాగు ఏమైందో నేనెప్పుడూ అడగలేదు.

ఇవాళ చిన్నది రెండు గోల్స్ కొట్టింది. మోకాలు చీరుకుపోయింది, కంగారేం లేదు. పూర్తి ఫొటో ఈ ఉత్తరంతోపాటు పెడుతున్నాను. గ్రూపులో కూడా రేపు పెడతాను. నాన్నగారికి మాత్రం ముందు నువ్వే చూపించు, కాఫీ తాగాక.

నీ పెద్దది